పాత రేస్ కారుకు పెట్రోల్ ట్యాంక్: ఉన్నదే ఉంచాలా, ఫ్యూయల్ సెల్ పెట్టాలా?

పాత కారును రేసుకు సిద్ధం చేసేవాళ్ళు ఇంజన్ మీద నెలలు పెడతారు, బ్రేకుల మీద వారాలు పెడతారు. పెట్రోల్ ట్యాంక్ దగ్గరకు వచ్చేసరికి "కారడం లేదు కదా, చాలు" అని వదిలేస్తారు. రోడ్డు మీద తిరిగే కారుకు ఆ పరీక్ష సరిపోతుంది. రేసు కారు విషయంలో అడగాల్సింది వేరే ఉంది: వెనక నుంచి ఇంకో కారు వచ్చి గుద్ది, ట్యాంక్ ఉన్న చోటు నలిగి సగం అయ్యాక కూడా పెట్రోల్ లోపలే ఉంటుందా?

రేసింగ్‌లో ఈ ప్రశ్నను గట్టిగా అడగడానికి చాలా ప్రాణాలు పోవాల్సి వచ్చింది. 1964 మే 24న షార్లెట్‌లో జరిగిన వరల్డ్ 600 రేసులో అమెరికా రేసర్ ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు తిరగబడి అంటుకుంది. ఆయన కాలిన గాయాలతో జూలై 2 దాకా పోరాడి చనిపోయారు. షార్లెట్ ప్రమాదం జరిగిన ఆరు రోజులకే ఇండియానాపోలిస్ 500 రేసు రెండో ల్యాప్‌లో మంటలు లేచి డ్రైవర్లు డేవ్ మెక్‌డొనాల్డ్, ఎడ్డీ శాక్స్ పోయారు. ఆ తర్వాతే అమెరికా రేసుల్లో గట్టి రబ్బరు సంచి ట్యాంకులు (ఫ్యూయల్ సెల్ అనేది వీటినే) ఒక్కొక్కటిగా తప్పనిసరి అవుతూ వచ్చాయి. ఫార్ములా వన్‌లో జాండ్‌వోర్ట్ ట్రాక్ ఒక్కటే 1970లో పియర్స్ కరేజ్‌ను, 1973లో రోజర్ విలియమ్సన్‌ను మంటల్లో పొట్టన పెట్టుకుంది. మీ కారు 1960ల నాటిదో అంతకుముందుదో అయితే, దాని ట్యాంక్ ఈ ప్రమాదాల నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోకముందు గీసిన డిజైన్. ఎంత శుభ్రం చేసి రంగు వేసినా ఆ సంగతి మారదు.

ముందు ట్యాంక్ ఎక్కడ ఉందో చూడండి

చాలామంది ఏ కంపెనీ ట్యాంక్ కొనాలి, ఎన్ని లీటర్లది కొనాలి అన్న దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే కారు కింద దూరి, ట్యాంక్ ఎక్కడ ఉందో, దాని చుట్టూ ఏముందో చూడటంతో మొదలుపెట్టాలి. నిర్ణయంలో సగం అక్కడే తేలిపోతుంది.

1960ల మస్టాంగ్‌లో ట్యాంక్ పైభాగమే డిక్కీకి నేల. అంటే వెనక నుంచి దెబ్బ తగిలి ట్యాంక్ చిరిగితే పెట్రోల్ నేరుగా డిక్కీలోకి వస్తుంది. అక్కడికీ డ్రైవర్‌కీ మధ్య వెనక సీటు మెత్తలు, అట్ట తప్ప ఏమీ ఉండవు. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో ట్యాంక్ డిక్కీ కింద వేలాడుతుంది, కనుక నేలకు దగ్గర, వెనక బంపర్‌కు దగ్గర. పాత పోర్షే 911లో అది ముందు భాగంలో ఉంటుంది. తొలి ఆస్టిన్ సెవెన్‌లలో అయితే ఇంజన్ గదిలోనే, డ్యాష్‌బోర్డుకు అవతలి పక్కన ఉంటుంది. 1960ల సింగిల్ సీటర్లలో డ్రైవర్ తుంటికి రెండు పక్కలా పెట్రోలే. ఇవన్నీ వేర్వేరు సమస్యలు. మస్టాంగ్ యజమానికి మొదటి ఖర్చు డిక్కీకీ క్యాబిన్‌కూ మధ్య సందు లేకుండా బిగించిన లోహపు గోడ. అది లేకుండా ఎంత మంచి ఫ్యూయల్ సెల్ కొన్నా పని సగమే అవుతుంది.

మంచి చోటు అంటే ఏమిటి? కారు బయటి అంచులకు దూరంగా, వెనక ఇరుసుకు వీలైనంత దగ్గరగా, ఛాసిస్ గొట్టాల మధ్య, నేలకు తగినంత ఎత్తులో, ఎగ్జాస్ట్‌కూ బ్యాటరీకీ దూరంగా. ఇవన్నీ ఒకే కారులో కుదరవు. రెండు కుదిరే అవకాశం ఉంటే, అంచులకు దూరాన్నీ లోహపు గోడనూ ఎంచుకోండి.

తర్వాత చూడాల్సినవి

నలిగినప్పుడు ఏమవుతుందన్నది అన్నిటికన్నా పెద్ద విషయం. నిండా ద్రవం ఉన్న రేకు డబ్బాను పక్క నుంచి నొక్కితే ద్రవం కుంచించుకోదు, లోపలి ఒత్తిడి అంతా అతుకుల మీద పడుతుంది, అతుకు ఊడుతుంది. రేకు ఎంత మందంగా ఉన్నా ముందుగా లొంగేది వెల్డింగ్ గీతే. నైలాన్ లాంటి బట్టకు రబ్బరు పట్టించి చేసిన సంచి మాత్రం ఆకారం మార్చుకుంటుంది, సాగుతుంది, మడతపడుతుంది, అంత సులువుగా చిరగదు. 1970 నుంచి అమెరికా సైన్యం హెలికాప్టర్లలో ఈ తరహా సంచులను, తెగినప్పుడు తమంతట తామే మూసుకునే పైపు జాయింట్లతో కలిపి పెట్టడం మొదలుపెట్టాక, ప్రాణాలతో బయటపడగలిగే హెలికాప్టర్ ప్రమాదాల్లో మంటల వల్ల చనిపోవడం దాదాపు ఆగిపోయింది. ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఇంతకంటే బలమైన రుజువు నాకు తెలియదు.

కారు తిరగబడినప్పుడు పెట్రోల్ ఏ దారిన బయటకు వస్తుందన్నది రెండోది. ఫిల్లర్ మూత, గాలి పైపు, గేజ్ అమర్చిన రంధ్రం, పంపుకు వెళ్ళే పైపు, వీటిలో ఏది తెరిచి ఉన్నా ట్యాంక్ బలం వృథా.

మూడోది మీరు వాడే ఇంధనం. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. అది పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్‌ను మెత్తబరుస్తుంది, పాత రబ్బరు పైపులను పాడు చేస్తుంది, ట్యాంక్ లోపల ఎప్పుడో పోసిన సీలెంట్ పూతను పొరలుగా లేపుతుంది. మిథనాల్ వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా మామూలు ఉష్ణోగ్రతలో మూసిన ట్యాంక్‌లో పెట్రోల్ ఆవిరి సాధారణంగా అంటుకోలేనంత చిక్కగా ఉంటుంది, మిథనాల్ ఆవిరి మాత్రం సరిగ్గా అంటుకునే పాళ్ళలోనే ఉంటుంది. దాని మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు.

నాలుగోది మీ రేసు నిబంధనలు. రెండు పేర్లు తరచూ వింటారు: ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ వారు సంచి ట్యాంకులకు పెట్టిన ఎఫ్‌టీ3, ఎఫ్‌టీ3.5, ఎఫ్‌టీ5 ప్రమాణాలు, అమెరికాలో రేసు పరికరాలకు ప్రమాణాలు పెట్టే ఎస్‌ఎఫ్‌ఐ సంస్థ 28 వరుస ప్రమాణాలు. అంకె పెరిగే కొద్దీ ఎఫ్‌టీ సంచి బలమూ ధరా పెరుగుతాయి. ఔత్సాహిక రేసుల్లో నడిచే పాత కారుకు ఎఫ్‌టీ3 సరిపోతుంది. ఎఫ్‌టీ5 ఫార్ములా వన్ స్థాయిది.

ఎంత పెట్రోల్ కావాలి?

దీన్ని ఎవరూ లెక్క వేయరు. 20 నిమిషాల రేసులో సగటున గంటకు 120 కిలోమీటర్లు వెళ్తే మొత్తం 40 కిలోమీటర్లు. గట్టిగా తొక్కిన పాత ఇంజన్ 100 కిలోమీటర్లకు 40 లీటర్లు తాగినా 16 లీటర్లే. వార్మప్ ల్యాపులు, మలుపుల్లో పెట్రోల్ పక్కకు ఒరిగి పంపుకు అందకపోవడం అన్నీ కలుపుకున్నా 30 లీటర్ల ట్యాంక్ చాలు. అసలు ట్యాంక్ 60 లీటర్లది అయితే, అందులో సగం జాగాను మంచి చోట అమర్చుకునే వెసులుబాటుగా మార్చుకోవచ్చు. చిన్న ట్యాంక్‌ను ఇరుసుకు దగ్గరగా జరపొచ్చు, చుట్టూ ఖాళీ వదలొచ్చు. లీటరు పెట్రోల్ సుమారు 750 గ్రాములు, కనుక బరువూ కలిసొస్తుంది.

ముందున్న దారులు

*అసలు ట్యాంక్‌నే బాగుచేయించడం.* ఖర్చు తక్కువ, కారు చరిత్ర చెదరదు. రేడియేటర్ పనివాళ్ళు లోపల కడిగి, తుప్పు తీసి, ఒత్తిడి పరీక్ష చేసి ఇస్తారు. అయితే పాత ట్యాంకులో పెట్రోల్ పోయి ఏళ్ళు గడిచినా అతుకుల్లో ఆవిరి మిగిలే ఉంటుంది. ఇంట్లో వెల్డింగ్ చేయడానికి ఎవరూ పూనుకోవద్దు, దానికి అలవాటుపడ్డ చేతులకే ఇవ్వండి. కార్లు ఒక్కొక్కటిగా గడియారంతో పోటీ పడే హిల్‌క్లైంబ్, స్ప్రింట్ పోటీలకు, ట్యాంక్ మంచి చోటులో ఉన్నప్పుడు మాత్రమే దీనికి ఒప్పుకుంటాను. పక్కపక్కన కార్లు ఉరికే రేసులకు ఒప్పుకోను.

*అసలు ట్యాంక్‌లో ఫోమ్ నింపడం.* కంటికి ఏ మార్పూ కనపడదు కాబట్టి పాత కార్ల యజమానులకు ఇదంటే ఇష్టం. గుల్లగుల్లగా ఉండే ఈ ఫోమ్ మూడు మంచి పనులు చేస్తుంది: లోపల మంట వ్యాపించకుండా అడ్డుకుంటుంది, పెట్రోల్ అటూ ఇటూ ఎగిసిపడటాన్ని తగ్గిస్తుంది, ట్యాంక్ చిల్లుపడితే బయటకు వచ్చే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. ఆక్రమించే జాగా 2, 3 శాతమే. చేయలేని పని ఒకటుంది: ట్యాంక్ చిరగకుండా ఆపలేదు. ఫోమ్ నింపితే ఫ్యూయల్ సెల్ అయిపోయిందని అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ భ్రమే నన్ను భయపెడుతుంది. పైగా ఫోమ్‌కు ఆయుష్షు ఉంది. అది పాతబడి పొడిగా రాలి ఫిల్టర్‌లో చేరుతుంది. ఇంజన్ మధ్యలో తడబడుతుంటే కార్బ్యురేటర్ విప్పే ముందు ఫిల్టర్ విప్పి చూడండి. ఫోమ్ పెట్టాలంటే ట్యాంక్‌ను కోసి తెరవాలి, కనుక మార్చాల్సి వచ్చినప్పుడు మళ్ళీ కోయకుండా పైన బోల్టులతో బిగించే పలక పెట్టించుకోవడం తెలివైన పని.

*కొత్తగా అల్యూమినియం ట్యాంక్ చేయించడం.* చూడటానికి అందంగా ఉంటుంది, తేలిక, కావలసిన ఆకారంలో వస్తుంది. దీనిమీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బిగించిన పట్టీల దగ్గరా వెల్డింగ్ గీతల పక్కనా ఏళ్ళ తరబడి అదురుకు సన్నటి పగుళ్ళు వస్తాయి. ప్రమాదంలో రేకు ట్యాంక్ లాగే ఇదీ అతుకు దగ్గర చీలుతుంది. మంటల్లో చిక్కితే అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, పెట్రోల్ మంట వేడి అంతకన్నా ఎక్కువ. తుప్పు పట్టిన ట్యాంక్ స్థానంలో ఇది పెడితే కారడం ఆగుతుంది, భద్రత అంతగా పెరగదు.

*అచ్చుపోసిన ప్లాస్టిక్ సెల్.* గట్టి పాలిథిన్‌తో అతుకు లేకుండా అచ్చుపోస్తారు, లోపల ఫోమ్ ఉంటుంది. అతుకు లేకపోవడం నిజంగా మంచి గుణం. దెబ్బకు కొంతవరకు వంగుతుంది, తుప్పు పట్టదు, ధరా అందుబాటులో ఉంటుంది. బజారులో వీటిని కూడా ఫ్యూయల్ సెల్ అనే అమ్ముతారు, లోపల రబ్బరు సంచి ఉండదు. కొనే ముందు రెండు ప్రశ్నలు వేయండి: లోపల సంచి ఉందా, దాని మీద ఏ ప్రమాణం ముద్ర ఉంది? జవాబు తేలకపోతే అది మంచి ప్లాస్టిక్ ట్యాంక్ మాత్రమే అని లెక్కేసుకోండి. బయట లోహపు పెట్టె కట్టి, లోహపు గోడ వెనక పెడితే స్ప్రింట్లకు పాత రేకు ట్యాంక్ కన్నా మెరుగే.

*లోహపు పెట్టెలో రబ్బరు సంచి.* అసలైన ఫ్యూయల్ సెల్ అంటే ఇదే. బయట పెట్టె కోసేవాటి నుంచీ గీసుకునేవాటి నుంచీ కాపాడుతుంది, లోపల సంచి పెట్రోల్‌ను పట్టి ఉంచుతుంది, సంచిలో ఫోమ్, పైన పలక మీద ఫిల్లరూ వాల్వులూ. అమెరికా క్లబ్ రేసింగ్‌లో పెట్టెకు తరచూ వినపడే కొలతలు ఉక్కు అయితే సుమారు 0.9 మిల్లీమీటర్లు, అల్యూమినియం అయితే 1.5. పెట్టె కారు కింద బయటపడి ఉంటే ఉక్కే తీసుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. సిద్ధంగా దొరికేవి చదరపు పెట్టెలే, పాత కారు వంపుల్లో అవి పట్టవు, డిక్కీ నేల కోయాల్సి రావచ్చు. ధర ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువమంది గునిసేది గడువు గురించి: ఎఫ్‌టీ3 సంచి తయారైన తేదీ నుంచి 5 ఏళ్ళే చెల్లుతుంది, తయారీదారు పరీక్షించి ఒప్పుకుంటే ఇంకో 2 ఏళ్ళు. చూడటానికి బాగానే ఉందిగా అని కోపం రావడం సహజం. కానీ రబ్బరు లోపలి నుంచి గట్టిపడటం కంటికి కనపడదు, మడతల దగ్గర మొదలయ్యే పగులు పెట్రోల్ వాసన వచ్చేదాకా తెలియదు. ఏడాదికి రెండు మూడు రేసులే నడిపేవాళ్ళు కొనేటప్పుడే ఈ ఖర్చును ఏళ్ళతో భాగించి చూసుకోవాలి.

*అసలు ట్యాంక్ తొడుగులో ప్రత్యేకంగా కుట్టించిన సంచి.* పాత కార్ల వాళ్ళకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇదే. అసలు ట్యాంక్‌ను కోసి, లోపలి అంచులన్నీ నున్నగా రుద్ది, ఆ ఆకారానికే కొలిచి చేసిన సంచిని అందులో దించుతారు. బయట నుంచి కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది, లోపల ఎఫ్‌టీ3 ఉంటుంది. లోటు ఒక్కటే: ట్యాంక్ చెడ్డ చోటులో ఉంటే ఆ చోటు మారదు. లోపల వెల్డింగ్ బుడిపె ఒక్కటి మిగిలినా అదురుకు సంచిని రోజూ రుద్దుతూనే ఉంటుంది, కనుక పెట్టే ముందు చేత్తో ప్రతి మూలా తడిమి చూడాలి, అతుకుల మీద టేప్ వేయించాలి.

| రకం | నలిగినప్పుడు | కారు అసలు రూపు | ఖర్చు | గడువు |
|---|---|---|---|---|
| బాగుచేసిన అసలు ట్యాంక్ | అతుకు చీలుతుంది | చెదరదు | తక్కువ | తుప్పును బట్టి |
| అసలు ట్యాంక్, ఫోమ్ | చీలుతుంది, కారడం కొంత నెమ్మది | చెదరదు | తక్కువ | ఫోమ్ మార్చాలి |
| అల్యూమినియం ట్యాంక్ | అతుకు చీలుతుంది | మారుతుంది | మధ్యస్థం | పగుళ్ళు చూస్తుండాలి |
| ప్లాస్టిక్ సెల్ | కొంత వంగుతుంది | మారుతుంది | మధ్యస్థం | ఫోమ్ మార్చాలి |
| పెట్టెలో సంచి | ఆకారం మార్చుకుని నిలుస్తుంది | మారుతుంది | ఎక్కువ | 5 ఏళ్ళు, మరో 2 |
| అసలు తొడుగులో సంచి | ఆకారం మార్చుకుని నిలుస్తుంది | చెదరదు | చాలా ఎక్కువ | 5 ఏళ్ళు, మరో 2 |

ఎవరికి ఏది

ఒక్కరే ట్రాక్ మీద ఉండే పోటీల్లో మాత్రమే నడిపేవారైతే, ట్యాంక్ ఇరుసు లోపలి వైపు ఉంటే, బాగుచేసిన అసలు ట్యాంక్‌లో ఫోమ్, దానితో పాటు లోహపు గోడ, కొత్త పైపులు. ఇక్కడ డబ్బు ట్యాంక్ మీదకన్నా గోడ మీద పెడితే ఎక్కువ ఫలితం.

పది ఇరవై కార్లు ఒకేసారి ఉరికే రేసులకు వెళ్ళేవారైతే చర్చే లేదు, సంచి ఉన్న సెల్. డిక్కీ కోయాల్సి వస్తే కోయండి. రేకును మళ్ళీ అతికించవచ్చు.

కారు అరుదైనది, దాని విలువ అంతా అసలు రూపంలోనే ఉందనుకుంటే, అసలు తొడుగును కూడా కోయడానికి చేతులు రావు. అప్పుడు అసలు ట్యాంక్‌ను జాగ్రత్తగా దాచిపెట్టి, అదే ఆకారంలో కొత్త తొడుగు చేయించి అందులో సంచి పెట్టించండి. ఖర్చు రెట్టింపే, కానీ కారు చరిత్రా భద్రంగా ఉంటుంది, లోపల కూర్చున్న మనిషీ భద్రంగా ఉంటాడు.

సింగిల్ సీటర్ నడిపేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. 1962 నాటి లోటస్ 25 తరంలో పక్క అరల్లో రబ్బరు సంచులు ఉండేవి కాబట్టి మాది ముందునుంచీ సంచే అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ పాత సంచులు పెట్రోల్ నిలవడానికి చేసిన పలుచటివి, చిరగకుండా ఉండటానికి చేసినవి కావు. డ్రైవర్ తుంటి పక్కన పెట్రోల్ ఉండే కారులో గడువు దాటిన సంచితో ట్రాక్ మీదకు వెళ్ళడాన్ని నేను ఏ కారణానికీ సమర్థించను.

బిగించేటప్పుడు

మంచి సెల్ కొని చెడ్డగా బిగించడం ఎంత మామూలో చెప్పలేను. పెట్టెను డిక్కీ రేకుకు నాలుగు బోల్టులతో వదిలేస్తే గుద్దినప్పుడు రేకే ఊడొస్తుంది. ఉక్కు పట్టీలు పెట్టె చుట్టూ రెండు దిశల్లో తిరిగి ఛాసిస్‌కు చేరాలి.

ఫిల్లర్ మూత బాడీకీ, ట్యాంక్ ఛాసిస్‌కూ బిగించి ఉండి, మధ్య గొట్టం బిర్రుగా ఉంటే గుద్దినప్పుడు రెండూ వేర్వేరు వైపులకు కదిలి గొట్టం తెగుతుంది. సెల్ పలక మీదే ఫిల్లర్ ఉంచి డిక్కీ తెరిచి పోసుకోవడం అన్నిటికన్నా సురక్షితం. అది కుదరకపోతే మధ్యలో వంగే గొట్టం, కింద పలక దగ్గర తనంతట తానే మూసుకునే ఫ్లాప్ వాల్వ్ ఉండాలి. అప్పుడు పైన మూత ఎగిరిపోయినా పెట్రోల్ ఆగుతుంది. ఫ్యాషన్ కోసం పాత రేసు కార్ల మోంజా తరహా మూత కావాలంటే ఉంచుకోండి, కానీ దాని మీద భారం వేయకండి.

గాలి పైపులో కారు తిరగబడితే మూసుకునే రోల్‌ఓవర్ వాల్వ్ తప్పనిసరి. పైపును ట్యాంక్ చుట్టూ ఒక చుట్టు తిప్పి, బాడీ బయట కింద వదలాలి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, డిక్కీ అడుగున చేరి ఎక్కడికీ పోదు, కనుక గాలి పైపు ఎప్పుడూ డిక్కీలో ముగియకూడదు. విద్యుత్ పంపు వాడితే దెబ్బకు ఆగిపోయే ఇనర్షియా స్విచ్ పెట్టండి. ఇంజన్ ఆగినా పంపు నడుస్తూనే ఉంటే తెగిన పైపు మంటకు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. లోహపు ఫిల్లర్‌ను ఛాసిస్‌కు వైరుతో కలిపి ఎర్త్ చేయండి, పోసేటప్పుడు స్టాటిక్ నిప్పురవ్వ రాకుండా.

సెకండ్ హ్యాండ్ సెల్ కొనబోతుంటే ముందు సంచి మీది తయారీ తేదీ ఫోటో అడగండి. తేదీ కనపడకపోయినా, గడువు దాటినా, పెట్టెకూ పలకకూ వాల్వులకూ మాత్రమే ధర కట్టి బేరమాడండి. కొత్త సంచిని తయారీదారు దగ్గరే ఆర్డర్ చేస్తూ, మీ పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత శాతమో, మిథనాల్ ఎప్పుడైనా వాడతారో ఆ కాగితం మీదే రాయించండి.